ప్యాంటుకి పడేది మడతా, ముడతా?

ప్రశ్న: ప్యాంటు అంచు బూటు మీద ఆనినప్పుడు ముందువైపు పడే నొక్కును దర్జీలు బ్రేక్ అంటారు. తెలుగులో "మడత" అంటే సరిపోతుందా? "జీరాడడం" అనొచ్చా?

జవాబు: రెండూ కుదరవండీ. మడత మనం పెట్టేది, ముడత దానంతటది పడేది. దుప్పటి మడత పెడతాం. నుదుటి మీద ముడతలు పడతాయి. బ్రేక్ ముడతే. ఇక జీరాడడమంటే అంచు నేలను రాసుకుంటూ పోవడం. పావడా జీరాడుతుంది. బూటు మీద ఆగిన ప్యాంటు జీరాడదు.

మరొకరు: ఈ తేడా మాటలకే కాదు, చూపుకీ ఉంది. ప్యాంటులో "మడత" అని మనం కలగలిపేవి నాలుగు: నడుం పట్టీ కింద కుచ్చు, ఇస్త్రీ గీత, అంచు పైకి మడిచి కుట్టే పట్టీ, బూటు మీది ముడత. మొదటి రెండూ నిలువు, కాలు సాగినట్టు కనిపిస్తుంది. చివరి రెండూ అడ్డం, కాలిని అక్కడ కోసేస్తాయి. పొట్టివాళ్ళు అంచు పట్టీ పెట్టించుకుంటే ఒకటింపావు అంగుళం చాలు, రెండంగుళాలైతే చీలమండకి కట్టు కట్టినట్టుంటుంది.

కుచ్చు సంగతి వేరు. సీటు బిగుతైతే అది నోరు తెరుస్తుంది, నిలువు గీత పోయి తుంటి దగ్గర ఉబ్బు మిగులుతుంది. అప్పుడు కుచ్చు తీసేయడం మందు కాదు, సీటు దగ్గర బట్ట వదలాలి.

జవాబు: ముడత ఎక్కువ పడడానికి పొడవొక్కటే కారణం కాదు, బాటమ్ లూజు, అంటే కాలి అంచు వెడల్పు కూడా. అంచు చుట్టుకొలత 14 అంగుళాలుంటే అంచు బూటు మీదికి జారదు, మిగిలిన బట్టంతా పిక్క కింద గాజుల వరసలా పేరుకుంటుంది. అదే పొడవు 18 అంగుళాల బాటమ్‌లో బూటును కప్పి కిందికి దిగుతుంది. ముడత అసలు వద్దనుకుంటే ముందు అంచు బూటును తాకీ తాకనట్టు ఉంచి, మడమ వైపు అర అంగుళం దింపి ఏటవాలుగా కుట్టించాలి. అంచు పట్టీ ఉంటే ఈ ఏటవాలు కుదరదు. పైకి మడిచినప్పుడు అంచులు కలవవు.

ప్రశ్న: మరి రైజుకి, అంటే గజ్జ కుట్టు నుంచి నడుం పట్టీ దాకా ఉండే ఎత్తుకి, తెలుగులో ఏమనాలి?

జవాబు: కొత్త మాట ఎందుకండీ, చీరకి ఉన్న కొలబద్ద ఉందిగా. బొడ్డు మీదికి, బొడ్డు కిందికి. లెక్క కావాలంటే బయటి పొడవులోంచి లోపలి పొడవు తీసేయండి: 40లోంచి 30 పోతే 10. నడుం పట్టీ రెండంగుళాలు పైకెక్కితే కాలు అక్కడి నుంచే మొదలైనట్టు కనిపిస్తుంది, చొక్కా లోపల దోపుకుంటేనే సుమా. ఉన్న ప్యాంటునే పైకి లాక్కుంటే గజ్జల్లో పట్టేస్తుంది. అలాగని రైజు మరీ ఎక్కువ పెట్టిస్తే గజ్జ కుట్టు తొడల మధ్యకి వేలాడి, నడుం ఎంత ఎత్తున ఉన్నా కాళ్ళు పొట్టిగానే ఉంటాయి.

మరొకరు: పొట్టి లాగు అంచు కూడా కాలిని అడ్డంగా కోసేదే. అంచు పిక్క లావుగా ఉన్నచోట ఆగితే కాలు మొద్దులా ఉంటుంది. మోకాలికి కాస్త పైనో, చీలమండ పైన సన్నబడే చోటో ఆపాలి. నూలు బట్టైతే ముందు తడిపి ఆరేసి, తర్వాతే కత్తిరించమనండి. లేకపోతే మొదటి ఉతుక్కే అంచు పిక్క మీదికి ఎక్కుతుంది.