జిప్సం బోర్డుకి నల్ల స్క్రూలా, జింక్ పూతవా?

వైజాగ్‌లో మా ఫ్లాట్ సముద్రానికి దగ్గర. హాల్లో జిప్సం పార్టిషన్ వేయించి ఏడాది కాలేదు, స్క్రూ తలలున్న చోటల్లా పుట్టీ మీద తుప్పు మరకలు తేలుతున్నాయి. ఒకటి విప్పి చూస్తే మామూలు 25 మి.మీ. నల్ల స్క్రూ. ఆ నలుపు ఫాస్ఫేట్ పూత అట. పుట్టీని బాగా పట్టుకుంటుంది గానీ తేమకు ఆగదని ఇప్పుడు తెలిసింది. మేస్త్రీ మాత్రం "గోడ చెమ్మే సార్" అంటున్నాడు. రెండు గదుల మధ్య పార్టిషన్‌కి చెమ్మేంటి!

ఇక బాత్రూమ్‌లో సిమెంట్ బోర్డు వేయించాలి. జింక్ పూత స్క్రూలు చాలా, 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనాలా? స్టెయిన్‌లెస్ కాస్త మెత్తన కదా, బోర్డు వెనక ఉండే జీఐ (జింక్ పూత ఇనుము) ఛానెల్‌లోకి ముందు డ్రిల్ చేయకుండా దిగుతాయా? హాల్లో పాత స్క్రూలన్నీ మార్చాలా, తుప్పు గీకి ప్రైమర్ కొడితే సరిపోతుందా? తీరం దగ్గర ఇలాంటి పని చేయించుకున్నవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.