విశ్వమంతా అంతమయ్యే కథలో ఒక్కడు మిగిలితే, అది అంతమేనా?

కృష్ణాతీరం:
సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ 1956లో రాసిన ‘ద లాస్ట్ క్వశ్చన్’ మళ్ళీ చదివాను. 2061లో ఇద్దరు టెక్నీషియన్లు తాగి ఐదు డాలర్లు పందెం కాస్తారు. నక్షత్రాలన్నీ ఆరిపోతాయి కదా, ఎంట్రోపీని, అంటే శక్తి చెదిరిపోయి పనికిరాకుండా పోవడాన్ని, వెనక్కి తిప్పే దారి ఉందా అని మల్టీవాక్ అనే కంప్యూటర్‌ని అడుగుతారు. సమాచారం చాలదంటుందది. లక్షల కోట్ల ఏళ్ళు గడుస్తాయి. నక్షత్రాలు, మనుషులు, స్థలం, కాలం అన్నీ పోతాయి. కంప్యూటర్ ఒక్కటే మిగిలి, జవాబు కనిపెట్టి, వెలుగు కలగాలి అంటుంది. కలుగుతుంది.
అందరూ మెచ్చుకునే ముగింపే. నాకు మాత్రం మోసంగా ఉంది. అన్నీ పోయాయని చెప్పి ఒకదాన్ని దాచుకోవడం ఏం న్యాయం?

వటపత్రం:
మోసం ఎందుకవుతుందండీ? అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకి చెప్పింది గుర్తు చేసుకోండి. లోకమంతా నీళ్ళు. ఆయనొక్కడే అందులో తిరుగుతున్నాడు. మర్రికొమ్మ మీద పసివాడు కనబడ్డాడు. ఆ పిల్లాడి నోట్లోంచి కడుపులోకి వెళ్తే నదులు, కొండలు, పట్టణాలు, యజ్ఞాలు చేసుకునేవాళ్ళు, ఎక్కడివక్కడే ఉన్నాయి. నూరేళ్ళు దాటి తిరిగినా అంచు దొరకలేదు. ఆయన మిగలకపోతే ఈ కథ ధర్మరాజుకి చెప్పేదెవరు?

కృష్ణాతీరం:
అది నైమిత్తిక ప్రళయం. బ్రహ్మకి ఒక పగలు, అంటే 432 కోట్ల ఏళ్ళు, గడిచాక వచ్చేది. మునిగేవి మూడు లోకాలే. నేను అడిగింది మొత్తం విశ్వం గురించి. ప్రాకృతిక ప్రళయంలో భూమి నీటిలో, నీరు నిప్పులో, నిప్పు గాలిలో, గాలి ఆకాశంలో కలిసిపోతాయి. అక్కడ నీళ్ళే ఉండవు, మార్కండేయుడు ఎక్కడ ఈదుతాడు?

కందిచేను:
ఎన్ని లోకాలు మునిగాయన్న లెక్క వదిలేయండి. కథ కదిలించిందా లేదా అది చెప్పండి.

వటపత్రం:
లెక్క ఆయనే తెచ్చారు కాబట్టి జవాబిస్తాను. అన్నీ పోయినచోట కూడా మనకి పద్యం ఉంది. పోతన గజేంద్రుడు అన్నదే:
లోకంబులు లోకేశులు
లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్
లోకాలు పోయాయి, ఏలేవాళ్ళు పోయారు, ఉండేవాళ్ళు పోయారు. మిగిలిన ఆ చీకటికి కూడా అవతల ఒకడున్నాడు. మొసలి కాలు పట్టి లాగుతుంటే ఏనుగు తలుచుకున్నది ఇది. ఆ అవతల ఎవరూ లేరని దానికి చెప్పమంటారా?

రాత్రిడ్యూటీ:
ఇంకో సైన్స్ ఫిక్షన్ రచయిత క్లార్క్ 1953 కథ ఎవరూ ఎత్తలేదేం? ‘ద నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్’. టిబెట్ లామాలు దేవుడి 900 కోట్ల పేర్లనీ కంప్యూటర్‌తో రాయిస్తారు. అవి పూర్తయితే లోకం ముగుస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ పని పూర్తయ్యే వేళకి ఇద్దరు ఇంజనీర్లు కొండ దిగుతుంటారు. తలెత్తి చూస్తే నక్షత్రాలు చప్పుడు లేకుండా ఆరిపోతుంటాయి. కథ అక్కడితో సరి.

కృష్ణాతీరం:
నిజాయితీ అంటే అదీ. నేనూ ఒకప్పుడు అలాగే ముగించి ఒక పత్రికకి కథ పంపాను. “అంతా పోతే ఈ కథ ఎవరు చెబుతున్నట్టు? చివర్లో ఒక పసిబిడ్డని మిగల్చండి, వేసుకుంటాం” అని రాశారు. నేను మిగల్చలేదు, వాళ్ళు వేయలేదు. మీ వటపత్రం బిడ్డే అది.

వటపత్రం:
సంపాదకుడి మీద కోపం మార్కండేయుడి మీద చూపిస్తే ఎలా? క్లార్క్ కథలోనూ ఆ ఇంజనీర్లు చూస్తున్నారు కదా. సాక్షి ఉన్నట్టే.

కృష్ణాతీరం:
చూస్తూ చూస్తూ వాళ్ళూ పోతారు! అర్థం కాలేదా, కానట్టు మాట్లాడుతున్నారా?

వటపత్రం:
బాగా అర్థమైంది. మీకు ఏదీ మిగలకూడదు, అంతే. అంత కసి దేనికో?

కందిచేను:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

కృష్ణాతీరం:
కసి కాదు. అడిగారు కాబట్టి చెబుతాను. మా చెల్లి పోయిన పదకొండో రోజున, భోజనాల దగ్గర ఒక పెద్దాయన మా అమ్మతో “ఏడవకమ్మా, మళ్ళీ మీ ఇంట్లోనే పుడుతుంది” అన్నాడు. అమ్మ నమ్మింది. మా అన్నకి కూతురు పుడితే ఎత్తుకుని, జుట్టు పక్కకి తీసి, చెవి వెనక మచ్చ కోసం చూసింది. మచ్చ లేదు. తర్వాత పుట్టిన పిల్లకీ చూసింది.
మళ్ళీ మొదలయ్యే ప్రతి కథలో నాకు అమ్మ వేళ్ళు కనిపిస్తాయి. కంప్యూటర్ వెలుగు తెచ్చింది, సరే. పందెం కాసిన ఆ ఇద్దర్నీ తెచ్చిందా?

వటపత్రం:
తేలేదు. తెచ్చిందని నేను ఎక్కడా అనలేదు. మా నాన్న ఆసుపత్రిలో ఆ పోతన పద్యమే చదివించుకునేవారు. మళ్ళీ పుట్టాలని ఆయనకి లేదు. పద్యంలోనూ ఆ కోరిక లేదు, చూడండి. లోకాలు తిరిగి ఇమ్మని గజేంద్రుడు అడగడు. మీరు కొట్లాడుతున్నది తిరిగి రావడం మీద. నేను అడుగుతున్నది, ఇవన్నీ ఒకప్పుడు ఉన్నాయని తెలిసినవాడు ఒకడుండాలని.

కృష్ణాతీరం:
అలా అడిగితే వింటాను, కానీ ఒప్పుకోను. అసిమోవ్ కథలో మనుషుల మనసులన్నీ చివరికి ఆ కంప్యూటర్‌లోనే కలిసిపోతాయి. అందరూ దానికి తెలుసు. అయినా వెలుగు కలగాలి అన్నప్పుడు ఒక్కరి పేరూ తలుచుకోదు. అలాంటి సాక్షి ఉంటే మా అమ్మకేంటి, మీ నాన్నగారికేంటి?

వటపత్రం:
మా నాన్నకి చాలింది. మీ అమ్మగారి సంగతి నేను చెప్పలేను.

రాత్రిడ్యూటీ:
ఆ తిప్పి పంపిన కథ ఇక్కడ పెట్టండి కృష్ణాతీరం గారూ. బిడ్డని కలపకుండా.

కృష్ణాతీరం:
కాగితం మీదే ఉంది. టైపు చేసి పెడతాను.

వటపత్రం:
పెట్టండి, చదువుతాను. సాక్షి మాట మాత్రం అక్కడా వదలను.