ధర ముందే మాట్లాడుకున్న సాఫ్ట్‌వేర్‌లో జీఎస్టీ మారితే ఆ ఖర్చు ఎవరిది?

సిమెంటు_సలాక (హన్మకొండ): మాది సిమెంటు, సలాక అమ్మే దుకాణం. ఇక్కడి ఒక చిన్న సంస్థ చేత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయించుకొని, మాట్లాడుకున్న మొత్తం పూర్తిగా చెల్లించాము. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం ప్రకటించింది, అదే నెల 22 నుంచి సిమెంటు మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. దాని ప్రకారం మార్చమంటే అది కొత్త పని అని, వేరుగా డబ్బు కట్టాలని అన్నారు. పన్నులు మారుతుంటాయని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవారికి తెలియదా?

మడికొండ_డెవలపర్: తెలిసినంత మాత్రాన ఉచితంగా చేయాలని లేదు. మీకు అప్పగించిన రోజున చట్టం చెప్పిన పన్నునే ఆ సాఫ్ట్‌వేర్ వేసింది కనుక అది లోపం కాదు, తర్వాత వచ్చిన మార్పు. మున్సిపాలిటీ రోడ్డు ఎత్తు పెంచిందని, ఎప్పుడో ఇల్లు కట్టి వెళ్లిన మేస్త్రీని పిలిచి గడప ఉచితంగా ఎత్తమని అడుగుతామా? ఇలాంటి పనుల కోసమే ఏఎంసీ, అంటే ఏటా డబ్బు కట్టి చేసుకునే నిర్వహణ ఒప్పందం, ఉంటుంది. మీరు ఏఎంసీ తీసుకున్నారా, లేదా? ముందు అది చెప్పండి.

సిమెంటు_సలాక: తీసుకోలేదు. తీసుకోవాలని ఎవరూ చెప్పలేదు.

చౌరస్తా: మేము ట్యాలీ అనే రెడీమేడ్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాము. కొత్త రేటు, అది వర్తించే తేదీ వేశాము, పని అయిపోయింది.

పాత_టెస్టర్ (నర్సంపేట, ప్రస్తుతం హైదరాబాద్): చౌరస్తా గారు అన్న ఆ తేదీలోనే అసలు సంగతి ఉన్నది. జీఎస్టీ 2017 జూలై 1న మొదలైతే, అదే ఏడాది నవంబర్ 15 నుంచే నూటికి పైగా వస్తువులు 28 నుంచి 18 శాతానికి వచ్చాయి. అంటే రేటు మారుతుందన్నది మొదటి ఏడాదిలోనే అందరూ చూసినది. అటువంటప్పుడు పన్ను శాతాన్ని కోడ్ మధ్యలో అంకెగా రాసి పెట్టడం తప్పు. వస్తువుల పట్టికలో, ఏ తేదీ నుంచి ఏ రేటు అన్న వివరంతో పెట్టాలి. తేదీ లేకుండా రేటు ఒక్కటే మారిస్తే పాత బిల్లులు మళ్లీ ముద్రించినప్పుడు కొత్త పన్నుతో వస్తాయి. సెప్టెంబర్ మొదటి వారంలో 28 శాతంతో అమ్మిన బస్తాల్లో కొన్ని అక్టోబర్‌లో తిరిగి వస్తే, వాటి క్రెడిట్ నోట్, అంటే వెనక్కి వచ్చిన సరుకు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం, కూడా 28 శాతంతోనే ఉండాలి.

సిమెంటు_సలాక: మా దుకాణంలో జరిగింది అదే. స్లాబు పని ముగిశాక ఒక గుత్తేదారు మిగిలిన బస్తాలు వెనక్కి పంపితే, క్రెడిట్ నోట్ 18 శాతంతో వచ్చింది. ఆయన కట్టినది 28. మా గుమస్తా చేతితో దిద్ది ఇచ్చాడు, ఆడిటర్ దానిని ఒప్పుకోలేదు. ఇది కూడా మార్పేనంటారా?

మడికొండ_డెవలపర్: క్రెడిట్ నోట్ సంగతి వేరు, అది లోపమేనని ఒప్పుకుంటాను. రేటు మార్చడం మాత్రం మార్పే. అయినా ఇదంతా ధర ముందే బిగించడం వల్ల వచ్చిన చిక్కు. మా వద్దకు వచ్చే వ్యాపారులలో తమకు ఏమి కావాలో మొదట స్పష్టంగా చెప్పగలిగేవారు తక్కువ. తెర మీద చూశాకే ఒక్కొక్కటి గుర్తుకు వస్తుంది, ధర మాత్రం మొదటి రోజునే చెప్పమంటారు. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చొని సాఫ్ట్‌వేర్ ఎలా తయారు చేయాలన్న దాని మీద రాసిన అజైల్ ప్రకటన, ఒప్పందం మీద బేరాల కన్నా వినియోగదారుతో కలిసి పని చేయడమే మేలని చెప్పింది. నెల లెక్కన చెల్లిస్తే మార్పు వచ్చినప్పుడల్లా ఈ తగాదా ఉండదు.

సిమెంటు_సలాక: ఆ 17 మందిలో పలువురు కన్సల్టెంట్లే కదా, వారు ఇంకేమి రాస్తారు? నెల లెక్కన ఇస్తే పని ఎంత సాగితే మీకు అంత ఆదాయం. మీ మడికొండ ఐటీ పార్కులోని పెద్ద కంపెనీలు విదేశీ ఖాతాదారులకు మనిషికి ఇంత అని బిల్లు వేయవచ్చు. బస్తాకు కొద్ది రూపాయలు మిగిలే దుకాణానికి ఆ లెక్క సరిపోదు.

ఓరుగల్లు_కోట: ఇంత వాదన జరిగింది కానీ, వారు అడిగినది ఎంతో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మడికొండ_డెవలపర్: ఎంతైతేనేమి, ఈ ఊళ్లో అది ఎక్కువే అవుతుంది. ఒక రైస్ మిల్లు యజమాని నా చేత స్క్రీన్లన్నీ గీయించుకొని, తౌడు, నూకల లెక్కలతో సహా విడమరచి చెప్పించుకొని, చివరకు వాటిని తన బంధువుల అబ్బాయికి ఇచ్చి చేయించుకున్నాడు. నాకు దక్కినది చాయ్ మాత్రమే. హైదరాబాద్ నుంచి వచ్చినవారికి అడిగినంత ఇస్తారు, ఇక్కడివారి వద్ద మాత్రం ప్రతి రూపాయికీ బేరమే. మీ వంటివారి వల్లే మా పిల్లలు కాజీపేటలో రైలెక్కి వెళ్లిపోతున్నారు.

సిమెంటు_సలాక: ఎవరో మిల్లు యజమాని చేసినదానికి నన్ను అనకండి. మొదట చెప్పలేదు కానీ, వారు అడిగిన డబ్బు ఇవ్వడానికి నేను సిద్ధపడ్డాను. అయితే వారి వద్ద చేసిన అబ్బాయి ఉద్యోగం మానేశాడని, ఎప్పటికి అవుతుందో చెప్పలేమని అన్నారు. కోడ్ ఇవ్వండి, వేరే వారితో చేయించుకుంటామంటే కుదరదన్నారు. పూర్తి డబ్బు కట్టాక కూడా నా దుకాణం బిల్లులు వేరొకరి దయ మీద నడవాలా? నా కోపం దాని గురించి.

మడికొండ_డెవలపర్: ఇప్పుడు అసలు మాట బయటకు వచ్చింది. మీకు రాసిన కోడ్‌లో ముప్పావు భాగం నాలుగు దుకాణాలకు పనికివచ్చేదే అయి ఉంటుంది. దానిని ఇచ్చేస్తే రేపు మీ కొత్త మనిషి పక్క దుకాణానికి సగం ధరకు అమ్ముతాడు. చిన్న సంస్థకు ఉన్న ఆస్తి ఆ కోడ్ ఒక్కటే. నేనైనా ఇవ్వను.

పాత_టెస్టర్: చట్టం వైపు చూస్తే, 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రామ్ మీద హక్కు ఆ ఉద్యోగం ఇచ్చిన యజమానిది. బయటి సంస్థ రాసి ఇస్తే, డబ్బు చెల్లించినా, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప హక్కు మీకు రాదు. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే దానిని 5 ఏళ్లుగానే లెక్కిస్తారు. కనుక కోడ్ విషయంలో వారిదే పైచేయి. మీ బిల్లుల డేటా మాత్రం మీది. జీఎస్టీ లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి, కాబట్టి ముందు మొత్తం డేటాబేస్ బ్యాకప్ రాతపూర్వకంగా అడగండి.

సిమెంటు_సలాక: బ్యాకప్ ఈ రోజే అడుగుతాను. మడికొండ_డెవలపర్ గారూ, కోడ్‌తో ఒక ధర, కోడ్ లేకుండా ఒక ధర అని మొదటే రెండూ రాసి ఇస్తే మీకు వచ్చే నష్టమేమిటి?

మడికొండ_డెవలపర్: రాసి ఇవ్వవచ్చు. మొదటి ధర చూసి మీరు మళ్లీ ఫోన్ చేయరు.