క్యారెట్–ఖర్జూరం బ్రెడ్ పైన ఎర్రగా కాలుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది

కందుకూరు కోడలు:
అందరికీ నమస్కారం. చక్కెర, బెల్లం రెండూ లేకుండా ఖర్జూరం తీపితోనే క్యారెట్ బ్రెడ్ చేస్తున్నాను. ఈస్టు వేసి పొంగించేది కాదు, సోడాతో అప్పటికప్పుడు కలిపి ఓవెన్‌లో పెట్టే రకం. పైన ముదురు రంగు వస్తోంది, కోస్తే మధ్యలో హల్వా, అడుగున జిగురు పొర. ఈసారి ముక్కల్లో అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలు కూడా కనిపించాయి. బూజేమోనని మా అత్తగారు పిల్లలను ముట్టుకోనివ్వలేదు. అప్పుడే దించిన దానికి బూజెలా పడుతుంది?

నా కొలతలు: గోధుమపిండి కప్పున్నర, ఖర్జూరం కప్పు (కప్పు నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లతోనే రుబ్బాను), క్యారెట్ తురుము రెండు కప్పులు, గుడ్లు రెండు, పెరుగు పావు కప్పు, నూనె పావు కప్పు, వంటసోడా ఒకటిన్నర టీస్పూను, గుప్పెడు కిస్‌మిస్. 180 డిగ్రీల్లో 40 నిమిషాలు. మా మామగారికి షుగరు ఉంది, అందుకే చక్కెర మానేశాను.

కావలి పెద్దమ్మ:
ఖర్జూరం బదులు తాటిబెల్లం వెయ్యమ్మా. మన తీరంలో దొరికేదే కదా, రంగూ వాసనా రెండూ బాగుంటాయి. సోడా మాత్రం నీ లెక్క చాలా ఎక్కువ. పకోడీలకైనా అంత వెయ్యరు.

ఒంగోలు ఓవెన్:
కోడలు గారూ, మీ కొలతల్లో మొదటి ముద్దాయి నీళ్లు. మామూలు కేకుల్లో చక్కెర పొడిగా వచ్చి చేరుతుంది. మీరు దాని చోట కప్పు నీళ్లు మోసుకొచ్చే ముద్ద వేశారు. క్యారెట్ బరువులో దాదాపు 88 శాతం నీరే, రెండు కప్పుల తురుము ఓవెన్‌లో వేడెక్కగానే దాన్ని వదులుతుంది. కప్పున్నర పిండి ఇంత నీటిని పట్టుకోలేదు. మిగిలినది కిందికి దిగి మీరు చెప్పిన జిగురు పొరగా నిలుస్తుంది.

రెండోది వేడి. ఖర్జూరంలోని తీపిలో ఎక్కువ భాగం గ్లూకోజు, ఫ్రక్టోజు. ఇవి చక్కెర కంటే త్వరగా ఎర్రబడతాయి. పైన రంగు చూసి అయిపోయిందనుకుంటాం, లోపల అప్పటికి సగమే ఉడికి ఉంటుంది. ఓవెన్‌ను ముందుగా వేడి చేసి, 165 డిగ్రీల్లో మధ్య అరలో 55 నుంచి 60 నిమిషాలు ఉంచండి. 35 నిమిషాల తరువాత పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. వంటగదిలో థర్మామీటరు ఉంటే మధ్యలో 95 డిగ్రీలు చూపినప్పుడు దించవచ్చు. పుల్ల గుచ్చి చూసేవాళ్లు మధ్యలోనే గుచ్చాలి. ఖర్జూరం ముక్క తగిలితే పుల్లకు జిగురు అంటుతుంది కాబట్టి పక్కన ఇంకోసారి గుచ్చండి.

మచ్చలు బూజు కావు. క్యారెట్‌లో క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. సోడా ఎక్కువై, దాన్ని విరిచే పులుపు తక్కువైతే అది గుడ్డులోని, పిండిలోని మాంసకృత్తులతో కలిసి ఆకుపచ్చగా మారుతుంది. పొద్దుతిరుగుడు గింజలు వేసిన బ్రెడ్‌లో ఈ వింత ఇంకా బాగా కనిపిస్తుంది. తింటే ప్రమాదం లేదు. సోడా ఎక్కువైనందుకు సబ్బు రుచి మాత్రం తప్పదు, అది మీ నాలుకకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

ఇలా చేసి చూడండి. నేను కప్పులు వాడను. కప్పుకు పట్టే ఖర్జూరం మెత్తగా ఉంటే ఒక బరువు, గట్టిగా ఉంటే ఒక బరువు. వంటింటి త్రాసు కొనుక్కుంటే ఇలాంటి సందేహాలు సగం తగ్గుతాయి.

మెత్తటి ఖర్జూరం 150 గ్రాములు, వేడినీళ్లు 80 మిల్లీలీటర్లు మాత్రమే. అరగంట నానాక నీళ్లతో సహా రుబ్బండి. గింజ తీసినవని పొట్లం మీద రాసి ఉన్నా ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూడండి, మిక్సీ బ్లేడు ఖరీదైనది. దానిలో గుడ్లు రెండు, పెరుగు 60 గ్రాములు, నూనె 70 మిల్లీలీటర్లు కలపండి. వేరే గిన్నెలో గోధుమపిండి 200 గ్రాములు, బేకింగ్ పౌడరు ఒక టీస్పూను, వంటసోడా పావు టీస్పూను, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి కలిపి జల్లించండి. సోడా ఉండలు ఉండలుగా మిగిలితే మచ్చలు అక్కడే మొదలవుతాయి. క్యారెట్ తురుము 120 గ్రాములు చాలు. దాన్ని పొడిపిండిలో కలిపి, ఆ తరువాతే తడి మిశ్రమం పోయండి. పొడిపిండి కనిపించనంత వరకే తిప్పి ఆపండి. ఇంకా తిప్పితే గోధుమపిండి చపాతీ గుణం చూపిస్తుంది, బ్రెడ్ సాగుతుంది.

గరిటెతో ఎత్తితే ముద్దగా జారాలి, ధారగా పడకూడదు. ఎనిమిదంగుళాల పొడుగు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న టిన్ను సరిపోతుంది. సోడా పెరుగు తగలగానే పని మొదలుపెడుతుంది కాబట్టి కలిపిన పిండిని ఫోను వచ్చిందని పక్కన పెట్టకండి.

పెద్దమ్మ గారూ, తాటిబెల్లం రుచికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ అందులోనూ ఎక్కువగా ఉన్నది సుక్రోజే, అంటే మామూలు చక్కెరే. ఇసుక వడకట్టడానికి కరిగిస్తే ఆ నీళ్లనూ లెక్కలో వేయాలి.

పొదలకూరు తోట:
పెరుగు లేని రోజున మేము 60 మిల్లీలీటర్ల పాలలో ఒక టీస్పూను నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచుతాం. మా ఊళ్లో నిమ్మకాయలకు కరువేమిటి! నా సందేహం ఒకటి. కిస్‌మిస్ అంతా అడుగుకు చేరుతోంది. పిండి పట్టించి వేసినా అంతే.

ఒంగోలు ఓవెన్:
పిండి పట్టించడం వల్ల కొంత మేలే, పలుచని మిశ్రమాన్ని మాత్రం అది కాపాడలేదు. మిశ్రమం గట్టిగా ఉంటే కిస్‌మిస్ దానంతట అదే నిలుస్తుంది. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బట్టతో బాగా అద్ది వేయండి. ఎండుగా వేస్తే పైకి వచ్చినవి మాడి చేదెక్కుతాయి. ఈ కొలతకు 50 గ్రాములు చాలు.

దర్శి దాసరి:
ఓవెన్ లేనివాళ్ల సంగతి కూడా చెప్పండి. కుక్కర్లో అవుతుందా?

కావలి పెద్దమ్మ:
అవుతుంది బాబూ. రబ్బరు, విజిల్ తీసెయ్యాలి, లోపల నీళ్లు పొయ్యకూడదు. అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేసి, గుండ్రటి టిన్ను పెట్టి సన్నమంట మీద ఉంచు. నలభై నిమిషాల తరువాత గుచ్చి చూడు. పైన ఎర్రబడదు, దాని కోసం ఎదురు చూడకు. పప్పు వండే కుక్కర్ను దీనికి వాడి పాడుచేసుకోవద్దు, పాతది మందపాటిది తీసుకో.

కందుకూరు కోడలు:
ఒంగోలు వారి కొలతతో చేశాను. మధ్యలో కూడా గుల్లగా వచ్చింది, మచ్చలు లేవు. మా అత్తగారు మొదటి ముక్క తానే తీసుకున్నారు. ఇక మామగారికి ఎంత ఇవ్వవచ్చు?

ఒంగోలు ఓవెన్:
లెక్క వేసి చూపిస్తాను, మాట మాత్రం డాక్టరుదే. ఖర్జూరం బరువులో సుమారు మూడింట రెండు వంతులు చక్కెరలే, కిస్‌మిస్‌లోనూ దగ్గర దగ్గరగా అంతే. కాబట్టి బ్రెడ్ మొత్తంలో 130 గ్రాముల వరకు చక్కెరలు ఉన్నట్టు. పది ముక్కలు కోస్తే ముక్కకు 13 గ్రాములు, అంటే మూడు టీస్పూన్ల చక్కెరకు సమానం. గోధుమపిండిలోని పిండిపదార్థం దీనికి అదనం. పీచు ఉన్నందుకు ఖర్జూరం మెరుగే, అలాగని షుగరున్నవారు లెక్క లేకుండా తినే వస్తువు కాదు. సహజం అని పొట్లం మీద రాసే కంపెనీలు ఈ లెక్క చెప్పవు. ఆయనకు ముక్కలో సగం, టిఫిను బదులుగా, అదీ డాక్టరును అడిగాక.

నిలవ మాట మరిచాను. తేమ ఎక్కువ, చక్కెర తక్కువ, పైగా మన సముద్రపు గాలి. పూర్తిగా చల్లారాకే కోసి, మరుసటి రోజే ఫ్రిజ్‌లో పెట్టండి.

కందుకూరు కోడలు:
సరేనండి, సగమే ఇస్తాను. పెరట్లో సొరకాయలు కాస్తున్నాయి. క్యారెట్ బదులు వేయవచ్చా?

ఒంగోలు ఓవెన్:
నిక్షేపంగా. సొరకాయలో నీరు క్యారెట్ కంటే ఎక్కువ కాబట్టి తురుమును బట్టలో వేసి గట్టిగా పిండి, పిండిన తరువాత తూచండి. వచ్చిన రసాన్నే వేడి చేసి ఖర్జూరం నానబెట్టడానికి వాడుకోవచ్చు. తురిమే ముందు ఒక చిన్న ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఆ చేదు ఉడికించినా పోదు, అలాంటిది తింటే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు.