నౌకరి, ఉద్యోగం, కొలువు: ఏది ఎక్కడ వాడాలి?

ఉప్పల్ నుంచి ప్రశ్న:

మా తమ్మునికి సంబంధాలు చూస్తున్నం. బయోడేటాల "సర్కారు నౌకరి" అని రాసిన. గుంటూరు దిక్కు చుట్టం ఒకామె చూసి "నౌకరి అంటే ఇంట్లో పనిచేసేవాళ్లు అనుకుంటారండీ, గవర్నమెంటు ఉద్యోగం అని రాయండి" అన్నది. మా ఇంట్ల తాతల నాటి నుంచి నౌకరి అనే అంటం. ఇది తక్కువ మాటనా? ఉద్యోగి, అధికారి, సిబ్బంది, కొలువు... ఇన్ని మాటలున్నయి గదా, ఏది యాడ వాడాలె? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

మలక్‌పేట నుంచి జవాబు:

తక్కువ మాట ఎంతమాత్రం కాదండీ. అలాగని ఆమె చెప్పిందీ తప్పు కాదు. ఒకే మాట రెండు ప్రాంతాల్లో రెండు దారులు పట్టింది. నౌకర్ ఫార్సీ నుంచి వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో దఫ్తరు భాష మొదట ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ. దాంతో సర్కారు పనికి నౌకరి అన్న పేరే జనం నోట్లో నాటుకుంది. కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ కచేరీ పనికి ఉద్యోగం అన్న మాట స్థిరపడింది, నౌకరు ఇంటి పనివాడి దగ్గర ఆగిపోయాడు. ఒకటి గమనించండి: మనం కూడా పనిని నౌకరి అంటాం గాని, ఆ పని చేసే మనిషిని నౌకరు అనం. "నౌకరి చేస్తడు" అంటాం.

ఈ మాట కోసం మన నగరం చాలా ఇచ్చుకుంది. 1919లో నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు సర్కారు నౌకరిలో ఈ గడ్డ మీది వాళ్లకు ముందు చోటు ఉండాలన్నాయి. అవి అమలు కావడం లేదని 1952లో విద్యార్థులు రోడ్డెక్కితే, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నౌకరి అన్న మాటను ఎవరైనా చిన్నచూపు చూస్తే నాకు మింగుడుపడనిది అందుకే.

ఇక ఉద్యోగం. సంస్కృతంలో దీనికి పూనిక, ప్రయత్నం అని అర్థం. భారతంలో ఉద్యోగపర్వం అంటే ఎవరికో పని దొరికిన కథ కాదు, యుద్ధానికి సిద్ధపడటం. తెలుగులో అది నెల జీతం వచ్చే పనిగా మారింది. దాన్నుంచి పుట్టిన నిరుద్యోగి అన్న మాట మాత్రం నన్ను బాధపెడుతుంది. పాత అర్థంలో చూస్తే నిరుద్యోగి అంటే ప్రయత్నం లేనివాడు. అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఆ పేరు ఎలా అతుకుతుంది? పేపర్లు ఈమధ్య ఉద్యోగార్థులు, అభ్యర్థులు అని కూడా రాస్తున్నాయి. ఆ మాటలే నయం.

కొలువు అచ్చంగా మనది. కొలుచు అన్న క్రియ నుంచి వచ్చింది. సుమతి శతకంలో "అడిగిన జీతం బియ్యని మిడిమేలపు దొరను గొల్చి" పద్యం అందరికీ నోటికి వచ్చేదే. అందులో గొల్చి అంటే ఆ దొర దగ్గర పనిచేసి అని. చిత్రమేమిటంటే రాజు సభలో కూర్చున్నా కొలువే, అతని ముందు నిలబడి సేవ చేసినా కొలువే. అందుకే కొత్త మంత్రివర్గం "కొలువుదీరింది" అని రాసే పేపరే, పక్క పేజీలో "సర్కారు కొలువులు" అని నోటిఫికేషన్ వార్త వేస్తుంది. శీర్షికలకు బాగుంటుంది గాని, ఇంట్లో మాట్లాడేటప్పుడు "కొలువు చేస్తున్నాడు" అని ఎవరూ అనరు.

జీతగాడు మాత్రం ఎక్కడా రాయకండి. తెలంగాణ పల్లెల్లో అది దొర ఇంట్లో ఏడాదికింతని జీతమున్నవాడి పేరు, వెట్టిచాకిరీ కాలపు గాయం అందులో ఇంకా ఉంది.

అధికారి అంటే సంతకంతో నిర్ణయం చేయగలవాడు. ఆఫీసులో పనిచేసేవాళ్లందరూ ఉద్యోగులే, అందరూ అధికారులు కారు. సిబ్బంది అంటే అందరూ కలిపి. ఇది అచ్చ తెలుగులా వినిపిస్తుంది గాని, శిస్తు వసూలుకు పెట్టుకున్న సిపాయిలను ఫార్సీలో సిహ్‌బందీ అనేవారు, అదే మనకు సిబ్బంది అయింది.

ఎన్జీవో గురించీ చెప్పాలి. బయటి రాష్ట్రాల వాళ్లు స్వచ్ఛంద సంస్థ అనుకుంటారు. మనకు ఎన్జీవో అంటే నాన్ గెజిటెడ్ ఆఫీసరు, అంటే గెజిటెడ్ హోదా లేని ఉద్యోగి. వనస్థలిపురంలో ఎన్జీవోస్ కాలనీకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో ముందు నిలిచింది కూడా వాళ్లే.

కూకట్‌పల్లి నుంచి:

పెద్ద పోస్టుల పేర్లే చెప్పారు, చిన్నవాళ్లవి కూడా చెప్పుకోవాలండీ. మాది ఖమ్మం వైపు, సాగర్ ఎడమ కాలువ కింద. కాలువ మీద తూములు చూసే ఆయన్ని మేం లష్కర్ అంటాం. లష్కర్ అంటే అసలు సైన్యం, దండు. సికింద్రాబాద్‌ని లష్కర్ అనేది అందుకే, లష్కర్ బోనాలు అంటాం కదా. మా ఊళ్లో ఆ పేరు ఒక్క మనిషికి వచ్చింది. రాత్రిపూట గండి పడితే ముందు వెతికేది ఆయన్నే. సంక్షేమ హాస్టళ్లలో కామాటి అని పోస్టు ఉంటుంది, వంటమనిషికి సాయంగా ఉండేవాళ్లు. ఇవి నిఘంటువులో చేరాల్సిన మాటలు.

మలక్‌పేట నుంచి:

నిజమే, మంచి మాట గుర్తుచేశారు. బంట్రోతు కూడా అలాంటిదే. బంటు అన్నది అందులోనే ఉంది. భుజం మీదుగా డవాలి అనే పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల ఉండేవి కాబట్టి బిళ్ల బంట్రోతు అనేవారు. తర్వాత అటెండరు అన్నారు, ఇప్పుడు కాగితాల మీద ఆఫీస్ సబార్డినేట్. మనిషిని పిలిచేటప్పుడు ఆయనకు నచ్చిన కొత్త పేరుతోనే పిలవాలి. అయితే పాత ఆఫీసుల గురించి కథ రాసేవాళ్లు బంట్రోతును వదులుకోవద్దు.

ఉప్పల్ నుంచి:

అందరికి శనార్తులు. నౌకరి అనే ఉంచుతున్న. ఇంకొక్కటి. తమ్ముడు చేసేది ఎమ్మార్వో ఆఫీసుల. బోర్డు మీద తహసీల్దార్ అని ఉంటది. ఏది రాయాలె?

మలక్‌పేట నుంచి:

బోర్డు మీదున్నదే రాయండి. తహసీల్ అంటే వసూలు, పాత తాలూకాల నాటి పేరు. 1985లో మండలాలు వచ్చినప్పుడు మండల రెవెన్యూ అధికారి, ఎమ్మార్వో అయింది. తర్వాత పాత పేరే తిరిగి వచ్చింది గాని జనం నోట్లో ఎమ్మార్వో నిలిచిపోయింది. తమ్ముడి పోస్టు కూడా రాయండి, జూనియర్ అసిస్టెంటా, గిర్దావరా అని. గిర్దావర్ అయితే పక్కన ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) అని వేయండి, గుంటూరు వాళ్లకు అదే తెలుస్తుంది.