హంపి విఠ్ఠల గుడి మండపాన్ని విప్పి మళ్ళీ కట్టాలా, ఉన్నది ఉన్నట్టు వదిలేయాలా?

కోరమంగల_కుర్రాడు:
బెంగళూరులో ఉండే మన తెలుగోళ్ళలో హంపి చూడనోళ్ళు తక్కువ కాబట్టి డైరెక్ట్‌గా అడిగేస్తున్నా. విఠ్ఠల గుడి మహామండపంలో పడమటి హాలు పూర్తిగా కూలిపోయింది, పైన ఆకాశమే. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం కూడా పాడైపోతే 2006లో రాయి రాయి విప్పి మళ్ళీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు కదా, మరి ఇక్కడెందుకు చెయ్యరు? 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత పగలగొట్టినోళ్ళ పనిని మనం టికెట్ పెట్టి మరీ కాపాడుతున్నట్టుంది నాకైతే.

సీమోడు:
నూటికి నూరు పాళ్ళు కరెక్ట్ బ్రో. శ్రీశైలం డ్యామ్‌లో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మొత్తానికి మొత్తం లేపి తీసుకొచ్చి అలంపూర్ దగ్గర నిలబెట్టలేదా.

జిగణి_రాయి:
బెంగళూరు పక్కన జిగణిలో గ్రానైట్ పనిలోనే ఉన్నా, అందుకని చెప్తున్నా. మీరిద్దరూ ఇచ్చిన ఉదాహరణలు వేరే కేసులు తమ్ముడూ. కూడవెల్లిది బాగున్న గుడి, నంబర్లేసి విప్పారు, అదే వరసలో పేర్చారు. హన్మకొండలో చాలావరకు రాళ్ళు అక్కడే ఉన్నాయి, పగిలినవాటి బదులు కొత్తవి చెక్కారు. విఠ్ఠలలో అసలు సమస్య రాయిదే. మన పాత గుళ్ళన్నీ స్తంభం మీద దూలం, దూలం మీద కప్పు బండ, అంతే, మధ్యలో సిమెంటూ లేదు సున్నమూ లేదు, బరువే పట్టి ఉంచుతుంది. గ్రానైట్‌ని నొక్కితే ఎంతైనా మోస్తుంది గానీ వంచితే అందులో దాదాపు పదో వంతు బలమే ఉంటుంది, అందుకే స్తంభాలు అంత దగ్గర దగ్గరగా పెట్టేవాళ్ళు. పైగా ఆ మండపంలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టారంటారు. వేడికి గ్రానైట్‌లోని క్వార్ట్జ్ ఉబ్బి రాయి లోపల నెర్రెలిస్తుంది, పైకి బాగానే కనిపిస్తుంది, క్రేన్‌కి తగిలించి లేపితే రెండు ముక్కలు. అలాంటి దూలాన్ని విప్పి మళ్ళీ పెట్టడం కుదరదు, కొత్తది కొయ్యాల్సిందే. సగం దూలాలు మా జిగణిలో కోసి పెడితే అది రాయల కాలం గుడి ఎట్లా అవుతుంది?

కోరమంగల_కుర్రాడు:
అన్నా, రాయల కాలంలో మాత్రం పాడైన దూలం మార్చలేదా? జీర్ణోద్ధరణ అనేది మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. గుడి అంటే వాడేది, పాడైతే బాగుచేసుకునేది. పాత కట్టడాల మరమ్మతుకి రాసుకున్న 1964 వెనిస్ చార్టర్ పట్టుకుని పడిన అసలు రాయినే తిరిగి పెట్టాలి, కొత్త రాయి కొత్తదని తెలియాలి అంటూ యూరప్ వాళ్ళ రూల్ మన మీద రుద్దడమేంటి.

హోసూర్‌రోడ్_అక్క:
జీర్ణోద్ధరణ పేరుతో శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక) కొట్టి శాసనాల అక్షరాలు అరగదీసిన గుళ్ళు, శిల్పాలకి ఆయిల్ పెయింట్ పూసిన గుళ్ళు మన చుట్టూ ఎన్ని లేవు, ఆ చరిత్ర కూడా లెక్కేసుకో బాబూ. ఇంకో మాట. కడదాం సరే, ఏ సంవత్సరంలో ఉన్నట్టు కడదాం? ఆ గుడి ఆవరణలోని రాతి రథాన్నే తీసుకో. అది ఏకశిల కాదు, చాలా రాళ్ళు అతుకు కనిపించకుండా కూర్చిన గరుడుడి గుడి. 1856లో గ్రీన్‌లా అనే బ్రిటిష్ అధికారి తీసిన ఫోటోలో దాని మీద ఇటుక శిఖరం ఉంది, తర్వాత తీసేశారు. ముందున్న ఏనుగులు కూడా తర్వాత తెచ్చి పెట్టినవే, మొదట అక్కడ గుర్రాలుండేవి, వాటి వెనక కాళ్ళు, తోకలు ఏనుగుల వెనకే ఇప్పటికీ కనిపిస్తాయి, ఈసారి వెళ్తే వంగి చూడండి. మరి శిఖరం కట్టి ఏనుగుల్ని తీసేద్దామా? అప్పుడు ఆ రథం బొమ్మున్న యాభై నోటు కూడా మార్చాలి 😄

సీమోడు:
అక్కా నోటు జోక్ బాగుంది కానీ మండపానికీ దానికీ ఏం సంబంధం. రథానికి రెండు మూడు రూపాలున్నాయి, ఒప్పుకుంటా. మండపానికి కప్పు ఉండేది అన్నదాంట్లో డౌట్ ఏముంది?

జిగణి_రాయి:
కప్పు ఉండేదని అందరికీ తెలుసు, ఆ కప్పు బండల అడుగున ఏం చెక్కారో ఎవరికి తెలుసు? ఖాళీ బండ పెడితే బోసిగా ఉంటుంది, చెక్కితే మనం ఊహించి చెక్కినట్టు. నా లెక్కలో డబ్బులు పెట్టాల్సింది కూలిన దానికి కాదు, నిలబడున్న హాళ్ళకి. కప్పు మీద సున్నపు గచ్చు పోతే వాన నీళ్ళు నెర్రెల్లోకి దిగుతాయి, రాళ్ళ సందుల్లో రావి మొక్క మొలిచిందంటే వేరు చాలు బండని పక్కకి తోసెయ్యడానికి. గోపురాల పైభాగమంతా ఇటుక, సున్నం, అవి ఇంకా తొందరగా రాలతాయి.

కోరమంగల_కుర్రాడు:
అంటే గచ్చు కొత్తగా వెయ్యొచ్చు, దూలం మాత్రం కొత్తది పెట్టకూడదు. పగిలిన దూలాల కింద ఇటుక, సిమెంటు స్తంభాలు కట్టి ఊత పెట్టింది మీకు ఓకేనా? ఆ చెక్కుడు స్తంభాల మధ్యలో అవి చూస్తే కడుపు రగిలిపోతుంది. ఆ వికారం కంటే మీ జిగణి దూలమే నయం కదన్నా.

జిగణి_రాయి:
వికారంగానే ఉంటాయి, కాదనను. కానీ రేపు ఇంకా మంచి ఉపాయం దొరికితే ఆ ఊత తీసేస్తే రాయికేం కాదు. నువ్వు దూలం మార్చాలంటే ముందు దాని మీద బండలన్నీ దించాలి, ఆ దించడంలో పగిలేదాన్ని ఎవడు తిరిగిస్తాడు?