మహబూబ్‌నగర్ నుంచి ఒక్క రోజులో చౌమహల్లా ప్యాలెస్ చూసి రావచ్చునా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ వాసి):
అందరికీ నమస్కారం. మా అమ్మగారిని, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే శుక్రవారం హైదరాబాదులోని నిజాముల చౌమహల్లా ప్యాలెస్ చూసి రావాలనుకుంటున్నాము. పొద్దున రైలెక్కి కాచిగూడలో దిగి, రాత్రికల్లా ఇల్లు చేరాలన్నది మా ఆలోచన. అదే రోజు సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ కూడా చూడడం కుదురుతుందా? అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (షాద్‌నగర్ వాసి):
ముందుగా రోజు మార్చుకోండి. శుక్రవారం చౌమహల్లాకు సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికీ అదే రోజు సెలవు. గోల్కొండ మాట మరిచిపోండి. మోకాళ్ల నొప్పులున్నవారిని ఆ మెట్ల దగ్గరికి తీసుకువెళ్లడం న్యాయం కాదు. కాచిగూడలో ఆటో మాట్లాడుకొని పది గంటలకల్లా ప్యాలెస్ ఉన్న ఖిల్వత్ పేటకు చేరితే, ఎండ ముదరకముందే తోటలు చూసుకోవచ్చు. లోపలికి వెళ్లగానే అందరూ దర్బారు హాలు వైపు పరుగు తీస్తారు కానీ, ఆ ముందరి ఆవరణలోని పొడవాటి హౌజు (నీటి తొట్టి) పక్కన చెట్ల నీడలో అమ్మగారిని కాసేపు కూర్చోబెట్టి, ఆ తరువాత నిదానంగా మెట్లెక్కించండి. హాలులో పాలరాతి గద్దె, దాని పైకప్పు నుంచి వేలాడే 19 బెల్జియం గాజు షాండ్లియర్లు, స్తంభాల మీది సున్నపు పూలపని చూడడానికే అరగంట పడుతుంది.

జవాబు (వనపర్తి వాసి):
పై మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట. చాలామంది దర్బారు హాలు చూసి వెనుదిరుగుతారు. నా దృష్టిలో అసలు అందం దక్షిణపు ఆవరణలో ఉంది. అఫ్జల్, మహతాబ్, తహనియత్, అఫ్తాబ్ మహళ్లు నాలుగూ ఒకే తోట చుట్టూ ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. నిజాము సలాబత్ జంగ్ కాలంలో, 1750 ప్రాంతంలో మొదలైన ఈ ప్యాలెస్ కట్టడం తరువాతి నిజాము అఫ్జలుద్దౌలా పాలనలో, అంటే 1857-69 మధ్య పూర్తయింది. ఒకప్పుడు 45 ఎకరాలున్న ప్రాంగణంలో నేడు మిగిలింది 12 ఎకరాలే అయినా, పునరుద్ధరణ ఎంత శ్రద్ధగా జరిగిందంటే 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం కూడా లభించింది.

పాత కార్లున్న చోట పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను పిల్లలకు తప్పక చూపించండి. దానికి 1911లో ఆర్డరిచ్చిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరే మన పాలమూరుకు 1890లో పెట్టారు. మా వనపర్తితో పాటు గద్వాల, జటప్రోలు, అమరచింత సంస్థానాధీశులు కప్పం కట్టింది ఈ నిజాములకే. (మా రాజావారి భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, దాన్నీ ఒకసారి చూడండి.)

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. శనివారానికి మార్చుకున్నాము, గోల్కొండ మానుకున్నాము. పిల్లలు ఫలక్‌నుమా అని పట్టుబడుతున్నారు.

జవాబు (షాద్‌నగర్ వాసి):
అది ఇప్పుడు హోటలండీ, ముందుగా ఏర్పాటు చేసుకోనిదే లోపలికి రానివ్వరు. దాని బదులు సాయంత్రం లాడ్ బజారు మీదుగా చార్మినార్ దాకా నడిపించండి. అమ్మగారికి మాత్రం ఆటో పిలవండి, ఆ సందుల్లో జనం ఎక్కువ.